మానసిక చికిత్సకు ఎవరి దగ్గరకు వెళ్లాలి? తగినవారిని ఎలా ఎంచుకోవాలి?

మనసు బాగాలేనప్పుడు సాయం తీసుకోవాలని నిశ్చయించుకోవడమే కష్టం. ఆ తరవాత ఎవరి దగ్గరకు వెళ్లాలన్న ప్రశ్న అంతకంటే ఎక్కువ చిక్కు పెడుతుంది. బంధువుల్లో ఎవరో చెప్పిన పేరు, ఫోన్‌లో వెతికితే ముందుగా కనిపించిన క్లినిక్, వీడియోల్లో చక్కగా మాట్లాడే మనిషి, ఈ మూడింటిలో ఏదో ఒకదానితో చాలామంది సరిపెట్టుకుంటారు. అలా వెళ్లిన మొదటి మనిషి సరిపడకపోతే, కౌన్సెలింగ్ తమకు పనిచేయదని తేల్చేసుకుని ఏళ్ల తరబడి మళ్లీ ఆ వైపు చూడరు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. చికిత్స దాకా వచ్చేవారే ఇంత తక్కువగా ఉన్నప్పుడు, వచ్చినవారు కూడా తప్పు గుమ్మం తొక్కి వెనుదిరగడం నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. చికిత్స చేసేవారి చదువు, అనుభవం, పద్ధతి గురించి ముందే అడిగి తెలుసుకోవడం అమర్యాద కాదని, అది చికిత్సలో భాగమేనని గట్టిగా చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా మీ ఇబ్బందిని కాగితం మీద పెట్టండి

ఎవరికైనా ఫోన్ చేసే ముందు ఒక కాగితం తీసుకుని, మీకు ఏం జరుగుతోందో, ఎప్పటి నుంచి జరుగుతోందో, దానివల్ల రోజువారీ పనుల్లో ఏవి ఆగిపోయాయో మీ మాటల్లో రాసుకోవాలి. జబ్బు పేరు రాయనవసరం లేదు. "రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదు, పొద్దున్నే గుండె దడగా ఉంటోంది, ఆఫీసులో మీటింగ్ అంటే చెమటలు పడుతున్నాయి" అని రాసుకున్న నాలుగు ముక్కలు "నాకు డిప్రెషన్ ఉందేమో" అన్న ఒక్క మాట కంటే వైద్యుడికి ఎంతో ఎక్కువ చెబుతాయి. నిద్ర, ఆకలి, బరువు, మద్యం, పొగాకు, ఇప్పుడు వాడుతున్న మందులు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉండటం, వీటి గురించి కూడా ఒక్కో వాక్యం ఉండాలి.

కొన్ని పరిస్థితుల్లో మాటల ద్వారా చికిత్స చేసే థెరపిస్ట్‌ను వెతుకుతూ కూర్చోకూడదు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్ర లేకుండానే విపరీతమైన ఉత్సాహంతో డబ్బు ఖర్చు చేస్తున్నా, తిండి పూర్తిగా మానేసినా, నేరుగా సైకియాట్రిస్ట్ (మానసిక వైద్యుడు) ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ఏళ్లుగా రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, దేవుడి మాల వేసుకున్నప్పుడైనా సరే, మానడానికి ముందే వైద్యుడికి చెప్పడం అవసరం. ప్రసవం తరవాత పుట్టింట్లో ఉన్న అమ్మాయి రెండు వారాలు దాటినా ఏడుస్తూనే ఉంటే, బిడ్డ మీద మనసు పోవడం లేదంటే, అది బాలింత నీరసమని వదిలేయకూడదు. ఎటూ తోచని వేళ ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులో కూడా అందుబాటులో ఉంది.

నీరసం, దిగులు, మతిమరుపు ప్రధానంగా ఉన్నవారు థైరాయిడ్, విటమిన్ బి12, రక్తహీనత పరీక్షలు ఒకసారి చేయించుకోవడం మంచిది. థైరాయిడ్ తక్కువైనా మనిషి అచ్చం కుంగుబాటులో ఉన్నట్టే కనిపిస్తాడు.

ఎవరి పని ఏమిటి, అర్హతను ఎలా సరిచూడాలి

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తరవాత మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టరు. మందులు రాసే అధికారం వీరికి ఉంటుంది. రద్దీ ఉన్న ఓపీల్లో వీరు ఒక్కొక్కరికి ఇవ్వగలిగేది కొన్ని నిమిషాలే కాబట్టి, దీర్ఘంగా మాట్లాడే చికిత్స కోసం తరచు సైకాలజిస్ట్ దగ్గరకు పంపుతారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. రుగ్మతను పరీక్షల ద్వారా అంచనా వేయడం, మాటల ద్వారా చికిత్స చేయడం వీరి పని. వీరు సైకాలజీలో పీజీతో ఆగకుండా, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన ఎంఫిల్ వంటి కోర్సులో ఆసుపత్రి శిక్షణ పొంది ఆ కౌన్సిల్ రిజిస్టరులో పేరు నమోదు చేసుకుని ఉండాలి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు కుటుంబంతో, ఉద్యోగంతో, పునరావాసంతో ముడిపడిన విషయాల్లో పనిచేస్తారు. దీర్ఘకాలిక రుగ్మత ఉన్న ఇళ్లకు వీరి సాయం ఎంతో విలువైనది, కానీ వీరి గురించి మనవాళ్లలో తెలిసినవారు తక్కువ.

కౌన్సెలర్ల విషయంలో జాగ్రత్త ఎక్కువ అవసరం. అనుబంధ ఆరోగ్య వృత్తులన్నిటికీ కలిపి 2021లో ఒక జాతీయ కమిషన్ చట్టం వచ్చినా, బోర్డు మీద కౌన్సెలర్ అని రాసుకునే ప్రతివారికీ డాక్టర్లకు ఉన్నంత కట్టుదిట్టమైన రిజిస్ట్రేషన్ అలవాటు మన ఊళ్లలో ఇంకా కుదురుకోలేదు. సైకాలజీలో రెండేళ్ల పీజీ చేసి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఏళ్ల తరబడి పనిచేసిన మంచి కౌన్సెలర్లు ఉన్నారు. వారాంతపు కోర్సు సర్టిఫికెట్‌తో, లైఫ్ కోచ్, మైండ్ ట్రైనర్ వంటి పేర్లతో అదే బోర్డు పెట్టుకున్నవారూ ఉన్నారు. చదువుల ఒత్తిడి, ఉద్యోగ మార్పు, ప్రేమ విఫలమైన బాధ, పెళ్లి విషయంలో సందిగ్ధం వంటివాటికి శిక్షణ పొందిన కౌన్సెలర్ చాలు. రుగ్మత స్థాయికి చేరిన ఇబ్బందికి క్లినికల్ సైకాలజిస్ట్ లేదా సైకియాట్రిస్ట్ ఉండాలి.

సరిచూడటం కష్టం కాదు. క్లినికల్ సైకాలజిస్ట్‌ను సీఆర్‌ఆర్ నంబరు (ఆ కౌన్సిల్ రిజిస్టరులో నమోదు సంఖ్య) అడిగితే చెబుతారు. ఆ నంబరుతో గానీ పేరుతో గానీ రిహాబిలిటేషన్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతకవచ్చు. సైకియాట్రిస్ట్ అయితే తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ప్రిస్క్రిప్షన్ మీదే ఉంటుంది. పేరుకు ముందు డాక్టర్ అని ఉన్నంత మాత్రాన వైద్యులనుకోకూడదు, అది పీహెచ్‌డీ కూడా కావచ్చు. పీహెచ్‌డీ గొప్ప చదువే, కానీ అది మాత్రమే ఉంటే రోగులకు చికిత్స చేసిన శిక్షణ ఎక్కడిదని విడిగా అడగాలి. నంబరు అడగగానే చిరాకుపడే మనిషి దగ్గర మీ జీవితంలోని అతి సున్నితమైన విషయాలు చెప్పుకోగలరా అన్నది అప్పుడే ఆలోచించుకోవచ్చు.

మీ ఇబ్బందికి ఏ పద్ధతి పనిచేస్తుంది

అన్ని ఇబ్బందులకూ ఒకే రకమైన మాటల చికిత్స ఉండదు. ఆందోళన, పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయం), కుంగుబాటు ఉన్నవారికి, ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే పద్ధతి బాగా పరీక్షకు నిలిచింది; ఇది సాధారణంగా పన్నెండు నుంచి ఇరవై సెషన్లు సాగుతుంది, ఇంటి దగ్గర చేయవలసిన అభ్యాసాలు ఉంటాయి. ప్రమాదం, హింస, లైంగిక దాడి వంటివాటి గాయాలకు ట్రామా మీద ప్రత్యేకంగా శిక్షణ పొందినవారే కావాలి. బైపోలార్, స్కిజోఫ్రీనియా వంటివాటిలో మందులు ప్రధానం, మాటల చికిత్స తోడు.

ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే భయపు ఆలోచనలు, వాటిని తగ్గించుకోవడానికి అదే పని పదేపదే చేయడం ఉండే రుగ్మత, దాని విషయంలో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. తాళం వేశానో లేదోనని పది సార్లు వెనక్కి వచ్చి చూసుకునే మనిషికి, "వేశారు, భయపడకండి" అని ఎంత నచ్చజెప్పినా ఆ ఊరట కాసేపే నిలుస్తుంది. పైగా ఎదుటివారి భరోసా మీద ఆధారపడటం ఇంకా పెరుగుతుంది. దీనికి తగిన పద్ధతిలో థెరపిస్ట్ భయాల జాబితాను రోగితోనే తయారు చేయిస్తారు, చిన్నదాంతో మొదలుపెట్టి, ఒక్కసారే తాళం వేసి వెనక్కి చూడకుండా వీధి చివరి దాకా నడవమంటారు, ఆందోళన ఎంత ఉందో నూటికి ఇన్ని అని అంకెలో చెప్పించి, ఏమీ చేయకుండానే ఆ అంకె మెల్లగా దిగేదాకా తోడుంటారు. ఈ పద్ధతి తెలియని మంచి మనసున్న కౌన్సెలర్ దగ్గర ఏడాది గడిచినా ఓసీడీ కదలకపోవచ్చు. అందుకే మీ ఇబ్బందికి ఏ పద్ధతి వాడతారు అని అడగడం, ఎన్నేళ్ల అనుభవం అని అడగడం కంటే ఎక్కువ పనికొస్తుంది.

భాష, ఇల్లు, గోప్యత

ఇంగ్లీషులో ఆఫీసంతా నడిపించే మనిషి కూడా తండ్రి మీద కోపాన్ని, అత్తగారి మాటకు తగిలిన బాధను తెలుగులోనే చెప్పుకోగలగడం సహజం. పెద్ద నగరాల్లో పేరున్న థెరపిస్ట్‌లలో కొందరు ఇంగ్లీషులోనో హిందీలోనో మాత్రమే సెషన్లు చేస్తారు కాబట్టి, మీకు ఏ భాషలో ఏడుపు వస్తుందో ఆ భాష తెలిసినవారిని అడగడంలో మొహమాటం వద్దు. భాషతోపాటు ఇంటి తీరు తెలియడం కూడా ముఖ్యమే. మడి కట్టుకునే ఇంట్లో పెరిగిన స్త్రీ రోజుకు పలుమార్లు స్నానం చేస్తుంటే, అందులో ఆచారం ఎంత, అదుపు తప్పిన భయం ఎంత అన్నది ఆ ఆచారం తెలిసినవారు త్వరగా పోల్చుకోగలరు. ఆచారం చేసేవారికి ప్రశాంతతనిస్తుంది. ఓసీడీలో ఎన్నిసార్లు చేసినా సరిపోలేదనిపిస్తుంది.

అయితే మన ఇంటి తీరు తెలిసినంత మాత్రాన ఆ తీరునే మీ మీద రుద్దేవారు పనికిరారు. "కాస్త సర్దుకుపోవాలమ్మా", "పెళ్లయితే అన్నీ అవే కుదురుకుంటాయి" అనే మాటలు బంధువుల నోట వచ్చినా కష్టమే, ఫీజు తీసుకున్న మనిషి నోట వస్తే ఇంకా హాని. కులాంతర వివాహం, విడాకులు, పిల్లలు వద్దనుకోవడం, స్వలింగ ఆకర్షణ వంటి విషయాల్లో చికిత్సకుడి సొంత నమ్మకాలు గదిలోకి రాకూడదు. స్వలింగ ఆకర్షణను మారుస్తామనే చికిత్సకు వైద్యశాస్త్రంలో చోటే లేదు.

బంధువులో, కుటుంబ స్నేహితులో అయిన సైకాలజిస్ట్‌తో చికిత్స వద్దు. ఎంత మంచివారైనా, రేపు పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చునే మనిషికి అన్నీ చెప్పలేరు. వారిని ఇంకొకరి పేరు సూచించమని అడగవచ్చు.

మన ఇళ్లలో అన్నిటికంటే ముందు గండి పడేది గోప్యతకే. మన దగ్గర కన్సల్టేషన్ గదిలోకి భర్త, అత్తగారు, అన్నయ్య అందరూ కలిసి వెళ్లడం, రోగి బదులు వారే మాట్లాడటం మామూలు విషయం. మీరు ఒక్కరే మాట్లాడాలనుకుంటే గది బయటే, "నేను మేడమ్‌తో ముందు ఒక్కదాన్నే మాట్లాడతాను, తరవాత మిమ్మల్ని పిలుస్తారు" అని చెప్పేయండి. చెప్పలేకపోతే, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఈ మాట రిసెప్షన్‌లో చెబితే థెరపిస్టే ఆ బాధ్యత తీసుకుంటారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని స్పష్టంగా చెబుతోంది. దీనికి మినహాయింపులు కొన్నే: ప్రాణాపాయం, ఇతరులకు హాని జరిగే ప్రమాదం, కోర్టు ఆదేశం వంటివి. పిల్లలపై లైంగిక దాడి జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం దాన్ని తెలియజేయక తప్పదు. మంచి థెరపిస్ట్ ఈ హద్దులను అడగకముందే మొదటి సెషన్‌లో వివరిస్తారు. ఇంటర్ చదివే పిల్లలను తీసుకెళ్లే తల్లిదండ్రులు, పిల్లలు చెప్పిన ప్రతి మాటా తమకు తెలియాలని పట్టుపట్టకపోవడం వారు చేయగలిగిన పెద్ద సాయం.

మొదటి ఫోన్, మొదటి సెషన్

ఇద్దరు ముగ్గురి పేర్లు దొరికాక ఒక్కొక్కరికి ఫోన్ చేయండి. మాటలు వెతుక్కోవడం కష్టమైతే ఇలా మొదలుపెట్టవచ్చు: "నమస్తే మేడమ్, ఆరు నెలలుగా నాకు ఆందోళన ఎక్కువగా ఉంటోంది, లిఫ్ట్ ఎక్కాలంటే ఊపిరి ఆడదు. మీరు ఇలాంటివాళ్లను చూస్తుంటారా? ఏ పద్ధతిలో చేస్తారు? సెషన్ ఎంతసేపు, ఫీజు ఎంత, తెలుగులో మాట్లాడొచ్చా?" అయిదు నిమిషాల్లో తేలిపోయే ప్రశ్నలివి. రాలేని రోజున ఎంత ముందుగా చెప్పాలో కూడా అప్పుడే అడగండి, చాలాచోట్ల ఇరవై నాలుగు గంటల ముందు చెప్పకపోతే ఫీజు పడుతుంది.

జవాబుల్లో కొన్ని వినగానే ఫోన్ పెట్టేయవచ్చు. మూడు సిట్టింగుల్లో పూర్తిగా పోతుందని హామీ ఇవ్వడం, ముందే పెద్ద ప్యాకేజీ కట్టమనడం, సైకియాట్రిస్ట్ రాసిన మందులు వెంటనే ఆపేయమనడం, తమ దగ్గరే పొడులో మాత్రలో కొనమనడం, ఇవన్నీ చికిత్స చేసేవారి లక్షణాలు కావు. ఇక సెషన్‌లో మీ శరీరం గురించి అనవసరపు వ్యాఖ్యలు, బయట కలుద్దామనే మాట వచ్చిన క్షణంలో లేచి వచ్చేయాలి. ఆ విషయాన్ని వారి రిజిస్ట్రేషన్ చూసే కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

మొదటి సెషన్ సాధారణంగా యాభై నిమిషాల నుంచి గంట వరకు ఉంటుంది. అందులో ఎక్కువ భాగం మీ చరిత్ర తెలుసుకోవడానికే సరిపోతుంది: బాల్యం, చదువు, ఇంట్లో వాతావరణం, పాత జబ్బులు, చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అన్న ప్రశ్న కూడా. ఈ చివరి ప్రశ్న అందరినీ అడుగుతారు కాబట్టి కంగారు పడనక్కరలేదు, దాచనూ వద్దు. ఆ రోజే తేలికపడాలని ఆశించకూడదు. ఎన్నాళ్లుగానో అణచుకున్నది బయటికి వచ్చినందువల్ల ఆ రాత్రి ఇంకా బరువుగా అనిపించవచ్చు కూడా. మీరు గమనించవలసింది వేరే ఉంది. ఆయన లేదా ఆవిడ మీ మాట పూర్తిగా విన్నారా, మధ్యలో ఫోన్ చూశారా, మీరు చెప్పినదాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పినప్పుడు అది మీ కథలాగే వినిపించిందా, ఇకముందు ఏం చేయబోతున్నారో చెప్పారా? చికిత్స పద్ధతి ఏదైనా, రోగికీ చికిత్సకుడికీ మధ్య కుదిరే నమ్మకం ఫలితాన్ని ప్రభావితం చేస్తుందని దశాబ్దాల పరిశోధనలు పదేపదే చూపించాయి.

ఖర్చు

ప్రైవేటులో ఫీజులు ఊరిని, అనుభవాన్ని బట్టి కొన్ని వందల నుంచి కొన్ని వేల దాకా ఉంటాయి, మొదట్లో వారానికోసారి వెళ్లవలసి వస్తుంది. కాబట్టి ఒక్క సెషన్ ఎంత అని కాక, పది పన్నెండు సెషన్లు భరించగలమా అని లెక్క వేసుకోవాలి. నాలుగుసార్లు వెళ్లి డబ్బు లేక ఆగిపోయే గొప్ప పేరు కంటే, నాలుగు నెలలు వదలకుండా వెళ్లగలిగే మామూలు పేరు మేలని నా నమ్మకం. ఫీజు తగ్గించగలరా అని అడిగితే విద్యార్థులకు, ఉద్యోగం పోయినవారికి తగ్గించేవారు ఉన్నారు.

హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల, ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోని సైకియాట్రీ విభాగాలు నామమాత్రపు ఖర్చుతో చూస్తాయి. ఎర్రగడ్డ పేరును ఎగతాళికి వాడే అలవాటు వల్ల ఎందరో అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడుతున్నారు. అక్కడ ఓపీలో చూపించుకుని అదే రోజు ఇంటికి వెళ్లేవారే ఎక్కువ. 2017 చట్టం ప్రకారం బీమా కంపెనీలు శారీరక జబ్బులతో సమానంగా మానసిక రుగ్మతలకూ బీమా ఇవ్వాలి, అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి కాబట్టి ఓపీ కవర్ ఉందో లేదో చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసేవారికి బయటి సంస్థ ద్వారా కొన్ని ఉచిత సెషన్లు ఉండవచ్చు. పేర్లు హెచ్‌ఆర్‌కు చేరవని ముందే రాతపూర్వకంగా తెలుసుకుని వాడుకోవడం మంచిది.

చిన్న ఊళ్లలో ఉన్నవారికి వీడియో సెషన్ పెద్ద వరం, కాకపోతే మూడు తరాలు కలిసి ఉండే ఇంట్లో ఏకాంతం ముందే చూసుకోవాలి. మేడ మీదో, ఆపి ఉంచిన కారులోనో ఇయర్‌ఫోన్లతో మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. అమెరికాలో ఉన్న తెలుగువారు ఒక విషయం గమనించాలి: అక్కడ మీరున్న రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవారే మీకు చికిత్స చేయాలి కాబట్టి, హైదరాబాదులోని సైకాలజిస్ట్ కుదరదని చెబితే అది నియమం వల్లే. అక్కడ చదువుకునే పిల్లలకు యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ ముందుగా తట్టవలసిన తలుపు.

మారవలసి వస్తే

మూడు నాలుగు సెషన్ల తరవాత ఆగి చూసుకోండి. లక్ష్యం ఏమిటో ఇద్దరికీ తెలుసా, ముఖ్యమైన విషయం ఏదైనా భయపడి దాస్తున్నారా, మీరు రాసుకున్న కాగితంలో ఒక్క వాక్యమైనా మారిందా? మందులు మొదలుపెట్టినవారు కుంగుబాటు మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుందని గుర్తుంచుకుని ఆ గడువు ఇవ్వాలి. అసంతృప్తి ఉంటే ముందు ఆ మనిషికే చెప్పాలి: "పోయినసారి మీరన్న మాట నాకు బాధ కలిగించింది", "మనం ఎటు వెళ్తున్నామో నాకు అర్థం కావడం లేదు". మంచి థెరపిస్ట్ ఈ మాటను నేరంగా తీసుకోరు. చాలాసార్లు అసలు చికిత్స ఆ సంభాషణతోనే మొదలవుతుంది.

చెప్పినా కుదరకపోతే మారండి. పెద్దవారు, పేరున్నవారు, ఎంతో ఓపిగ్గా విన్నారు, ఎలా మానేయడం అన్న మొహమాటంతో నెలలు గడిపేవారు చాలామంది ఉంటారు, కానీ రోగులు మారడం ఈ వృత్తిలో అందరికీ అలవాటైన విషయమే. "వేరొకరి దగ్గర ప్రయత్నించాలనుకుంటున్నాను, నాకు ఒక సమ్మరీ రాసిస్తారా" అని అడిగితే చాలు; మీ వైద్య రికార్డులు పొందే హక్కు 2017 చట్టం మీకిచ్చింది. ఆ సమ్మరీ, పాత ప్రిస్క్రిప్షన్లు, చేయించిన పరీక్షల కాగితాలు ఒక ఫైలులో పెట్టుకుని కొత్తవారి దగ్గరకు వెళ్లండి. ఇప్పటిదాకా ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో మొదటి పది నిమిషాల్లోనే చెప్పండి. మందులు వాడుతున్నవారు థెరపిస్ట్‌ను మార్చినా మందులను మాత్రం మధ్యలో ఆపకుండా, కొత్త అపాయింట్‌మెంట్ దాకా సరిపడేలా పాత సైకియాట్రిస్ట్ చేతనే రాయించుకోవాలి.